అందరికీ అర్థమైంది

మా బడి లెక్కల మాస్టారు మంచినీళ్ళు కూడా వాసన చూసి తాగే రకం. ఇంట్లో పాలు పొంగితే "ఎవరు పొంగించారు?" అని అడుగుతారని వాళ్ళావిడే మా ఆవిడతో చెప్పి నవ్వింది. అయితే పాఠమంటే ఆయనకు ప్రాణం. లెక్క అయ్యాక "అర్థమైందా?" అంటారు. "అర్థమైంది సార్!" అని తరగతంతా ఒక్క గొంతుతో అరుస్తుంది. దాంతో ఆయన కడుపు నిండిపోతుంది.

ఈ ఏడాది తాత్కాలికంగా చేరిన కంప్యూటర్ టీచరు ఒక వెబ్‌సైట్ పట్టుకొచ్చింది. పాఠం అర్థమైతే పిల్లలు తమ ట్యాబ్‌లో ఆకుపచ్చ నొక్కాలి, కాకపోతే ఎరుపు. ఎవరేం నొక్కారో తెలియదు, తెర మీద రెండు గీతలు మాత్రం లేస్తాయి. మాస్టారు భిన్నాలు చెప్పి, అలవాటుగా నోటితో అడిగారు. అందరికీ అర్థమైంది. ట్యాబ్‌లో నొక్కమన్నారు. ఎర్రగీత తెర అంచు దాకా పోయింది.

"ఆ అమ్మాయే ఏదో తిప్పింది," అన్నారు స్టాఫ్‌రూమ్‌లో నాతో. "నా పరువు తియ్యాలని."

"మీ పరువుతో ఆ పిల్లకేం పనండీ?"

"మీకు తెలీదు. కనబడ్డప్పుడల్లా నవ్వుతూ నమస్కారం పెడుతుంది. అంత వినయం దేనికట?"

నాకు ఒళ్ళు మండింది. నమస్కారం పెడితే నేరం, పెట్టకపోతే పొగరు!

మర్నాడు ఆయన పిల్లల వెనక నిలబడి, వాళ్ళ వేళ్ళు చూస్తూ నొక్కించారు. అన్నీ ఆకుపచ్చలే వచ్చాయి. "చూశారా? నేను కాపలా ఉంటే ఆ పిల్ల ఆటలు సాగవు," అని మురిసిపోయి, నేరుగా మా హెడ్‌మిస్ట్రెస్ పెద్దమేడం దగ్గరికెళ్ళి ఫిర్యాదు చేశారు. టీచర్ల మీటింగులో ఆ వెబ్‌సైట్ సంగతి తేల్చుదామని, మోసం నిజమైతే ఆ పిల్లను పంపేద్దామని ఆవిడ అన్నారు.

మీటింగులో పెద్దమేడం కొత్త మార్కుల పద్ధతి వివరించారు. సగటుకి మళ్ళీ సగటు తీసి, అందులో హాజరు కలిపి, ఇంకేదో తీసేయాలట. "అర్థమైందా?" అన్నారు.

"అర్థమైంది మేడం!" అన్నాం అందరం. మాస్టారి గొంతు మా అందరికంటే పైన వినిపించింది.

తర్వాత ఆ వెబ్‌సైట్‌ను పరీక్షించడానికి మేమూ ట్యాబుల్లో నొక్కాం. ఎర్రగీత లేచింది. ఆకుపచ్చ అడుగునే ఉండిపోయింది.

పెద్దమేడం ముఖం కందిపోయింది. "మాస్టారూ, మీరన్నదే నిజం. ఇందులో ఏదో మోసముంది. రేపట్నుంచి రానక్కర్లేదమ్మా!"

కంప్యూటర్ టీచరు వైర్లు చుట్టడం మొదలుపెట్టింది. మాలో ఒక్కరూ తల ఎత్తలేదు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకునే ధైర్యం కూడా లేదు మాకు.

మాస్టారే లేచారు. "ఆగండి మేడం. ఆ అమ్మాయి ఏం చెయ్యలేదు. నేనూ ఎరుపే నొక్కాను. మీరు చెప్పింది నాకు ముక్క అర్థం కాలేదు."

"మరి ఇందాక అంత గట్టిగా అర్థమైందన్నారు?"

"మీరు ఎదురుగా నిలబడి అడిగితే కాలేదని ఎలా అంటామండీ?"

అన్నాక, తన మాట తనకే అప్పుడు వినిపించినట్టు, ఆయన మెల్లగా కుర్చీలో కూలబడ్డారు.