హన్నమ్మ అడిగే మందుల సంచి

తిరువూరులో అరవై దాటినవారెవరైనా ఆరోగ్య బీమా కాగితాలు పట్టుకొని హన్నమ్మ ఇంటికి వెళ్లదలిస్తే, వెంట మందుల సంచి కూడా తీసుకొని పోవాలి. ముప్పైయొక్క సంవత్సరాలు ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా పనిచేసి, పదవీ విరమణ పిమ్మట మూడేళ్లపాటు విజయవాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రి బీమా కౌంటరులో కూర్చున్న మనిషి ఆమె. పెద్దలు జబ్బు పేరు దాస్తారు గాని మందును దాయలేరని అక్కడే గ్రహించింది. "షుగరుందా?" అంటే "కొంచెం" అంటారు, "బీపీ ఉందా?" అంటే "కోపమొస్తేనే" అంటారు. ఆ కొంచెమూ, ఆ కోపమూ దరఖాస్తుకు ఎక్కకపోవడం వల్ల క్లెయిము చెల్లదన్న కబురు విని, రోగి మంచం పక్కనే కూలబడిపోయిన కుటుంబాలను ఆమె అనేకం చూసింది. అందుచేత ఏ పాలసీ గురించి పెదవి విప్పకముందే సంచిని వరండాలోని బల్లమీద బోర్లించి, ఒక్కొక్క మాత్రల షీటు వెనుక ఉన్న సన్నని అక్షరాలు చదువుతుంది. ఎవరివద్దా రూపాయి పుచ్చుకోదు. ఏ కంపెనీ పేరూ తానై చెప్పదు.

మొన్న ఆగస్టులో ఒకనాడు పదకొండు గంటలవేళ రామలింగేశ్వరరావు, శ్యామలాదేవి దంపతులు ఆ వరండా మెట్లెక్కారు. ఆయనకు అరవై ఎనిమిదేళ్లు. బస్టాండు రోడ్డులో హోల్‌సేలు కిరాణా వ్యాపారం. చేతిలో ఫోను తప్ప మరేమీ లేదు.

"ఐదు నిమిషాల పనండి నర్సమ్మగారూ. మా వియ్యంకుడు మురళీకృష్ణగారు కొత్త పాలసీ చేయిస్తున్నారు. పాతదానికంటే కట్టేది తక్కువ, వచ్చేది రెట్టింపు. మంచిదేనని మీరొక్క మాటంటే ఈవిడ స్థిమితపడుతుంది."

"మందుల సంచి ఏదండీ?"

"పెళ్లిచూపులకొచ్చినట్టు అన్నీ అడుగుతారేంటండీ?"

"పెళ్లిచూపుల్లో మందులెవరడుగుతారు షావుకారుగారూ? అందుకే నేనడుగుతున్నా."

హాస్యానికన్న ఆ మాటకు శ్యామలాదేవి ముఖం పాలిపోయింది. భర్త వద్దని సైగ చేస్తున్నా చూడనట్టు, తన చేతిసంచిలోంచి మూడు షీట్లు తీసి బల్లమీద పెట్టింది. అందులో రెండు రక్తాన్ని పలచబరిచేవి.

"స్టెంటు ఎప్పుడు వేశారు?" అని హన్నమ్మ తలెత్తకుండానే అడిగింది.

"నిరుడు మార్చిలో," అన్నది శ్యామలాదేవి.

హన్నమ్మ ఫోనందుకొని వియ్యంకుడు పంపిన దరఖాస్తు తెరిచింది. గుండె జబ్బులు అన్నచోట 'లేవు' అని ఉంది.

"ఆయన్ననకండి. ఆయనకి తెలీదు," అన్నాడు రామలింగేశ్వరరావు గొంతు తగ్గించి. నిరుడు మార్చిలోనే కూతురు సాయిప్రసన్నకు విస్సన్నపేట సంబంధం కుదిరిందట. తండ్రికి గుండెజబ్బని తెలిస్తే, పిల్లకూ వస్తుందేమోనని వెనుకాడతారన్న భయంతో, తిరుపతి వెళ్తున్నామని అందరికీ చెప్పి విజయవాడలో స్టెంటు వేయించుకొని వచ్చారు. మేలో పెళ్లి జరిగింది. ఏరువాకకు ఎరువులమ్మి, తీరికవేళ బీమా ఏజెంటుగా తిరిగే వియ్యంకుడు, తమవారికి మేలు చేద్దామన్న ఉద్దేశంతోనే ఈ పాలసీ తెచ్చాడు. కాదనడానికి కారణం చెప్పాలి. ఆ కారణమే చెప్పరానిది.

"మీ పాత పాలసీ కాగితం చూపించండి."

ఫోనులో ఉన్న ఆ కాగితాన్ని హన్నమ్మ రెండుసార్లు చదివింది. ఏడేళ్లనాటి పాలసీ. స్టెంటు ఖర్చును భరించింది అదే. గడువు తీరి నేటికి సరిగ్గా ముప్పై రోజులు. ఆలస్యంగా కట్టుకొనేందుకు ఇచ్చే వ్యవధిలో ఇదే ఆఖరి రోజు.

"ఇవాళ కట్టకపోతే ఇది పోతుందండీ. ఆ తరవాత ఏ కంపెనీకి వెళ్లినా మీ స్టెంటు పాత జబ్బే. ఒప్పుకోకపోవచ్చు, ఒప్పుకున్నా గుండె వైద్యం ఖర్చుకి మూడేళ్ల దాకా ఆగమనొచ్చు. డెబ్బై నిండినవాళ్లకిచ్చే కేంద్రం ఉచిత వైద్యం కార్డుకి మీకింకా రెండేళ్లుంది. ఈలోగా నొప్పొస్తే?"

అంతలో ఫోను మోగింది. వినికిడి తగ్గినందున రామలింగేశ్వరరావు ఎప్పుడూ స్పీకరులోనే మాట్లాడతాడు.

"బావగారూ, ఓటీపీ వచ్చుంటుంది చూడండి. ఆ నంబరు చెప్పేస్తే మన పని అయిపోయినట్టే. పది నిమిషాలే ఉంటుందది," అన్నాడు మురళీకృష్ణ.

"ఒక్క నిమిషం బావగారూ, కళ్లజోడు వెతుక్కుంటున్నా," అన్నాడాయన. జోడు ముక్కుమీదే ఉంది. అరచేతితో ఫోను మూసి, "పాతది కట్టేసి ఇదీ తీసుకుంటే? రెండూ ఉంటాయి కదా," అని గుసగుసలాడాడు.

"రెండుండడం తప్పు కాదు. కాని ఆ అంకెలు చెప్పారంటే గుండెజబ్బు లేదని మీరు సంతకం పెట్టినట్టే. కింద ఏజెంటుగా ఆయన పేరుంటుంది. బయటపడిన రోజున పోయేది మీ క్లెయిమొక్కటే కాదు."

"చెబితే మా పిల్లనంటారండీ," అన్నది శ్యామలాదేవి. కొంగు ఆమె పిడికిట్లో నలుగుతున్నది.

కాగితంలో ఏమున్నదో హన్నమ్మ చెప్పగలదు. విస్సన్నపేటలో ఆ ఇంటివారి మనసు ఎలాంటిదో ఎలా చెప్పగలదు? చెప్పమని ఒత్తిడి చేసే హక్కు తనకు లేదు. వద్దనే ధైర్యమూ లేదు. ఫోనులోంచి "బావగారూ, దొరికిందా?" అన్న పిలుపు మళ్లీ వినవచ్చింది. గోడ గడియారంలో ముల్లు కదలడాన్ని ముగ్గురూ చూశారు.

రామలింగేశ్వరరావు అరచేయి తీశాడు.

"ఆ నంబరు చెప్పలేనండి బావగారూ."

"ఏం, రాలేదా?"

"వచ్చింది. నిరుడు మార్చిలో మేం తిరుపతి వెళ్లలేదండి. నాకు గుండెకి స్టెంటు వేశారు. మీ దగ్గర దాచాం."

అవతలివైపు దుకాణంలో ఎవరో యూరియా బస్తాలున్నాయా అని అడగడం స్పష్టంగా వినిపించింది. ఆ అడిగినవాణ్ణి తరవాత రమ్మని మురళీకృష్ణ పంపేశాడు.

"అమ్మాయికి తెలుసా?" అని ఆ వెంటనే అడిగాడు.

"తెలుసు. చెప్పొద్దని నేనే ఒట్టు వేయించుకున్నా. తప్పు నాదేనండి, దానిది కాదు."

శ్యామలాదేవి కళ్లు మూసుకున్నది.

"మీ పాత పాలసీ బతికుందా?" అన్నాడు మురళీకృష్ణ.

"ఇవాళే ఆఖరు."

"అయితే ఫోను పెట్టేసి ముందది కట్టండి. ఈ దరఖాస్తు నేను తీసేస్తా. మిగతాది సాయంత్రం మీ ఇంటికొచ్చి మాట్లాడతా."

లైను తెగింది. అతడు చివరి మాటల్లో ఒక్కసారి కూడా బావగారూ అనలేదని హన్నమ్మ గమనించింది. ఆ దంపతులు గమనించారో లేదో తెలియదు.

శ్యామలాదేవి భర్త చేతిలోంచి ఫోను తీసుకొని ప్రీమియం కట్టబోయింది. మొదటిసారి తెర తిరిగి తిరిగి ఆగిపోయింది. "మళ్లీ నొక్కకండి. బ్యాంకునించి ఏ మెసేజీ వస్తుందో చూద్దాం," అన్నది హన్నమ్మ. చెల్లింపు జరగలేదని తెలిసిన తరువాత రెండోసారి ప్రయత్నించారు. పన్నెండూ పదికి రసీదు వచ్చింది. పాలసీ నంబరు మారలేదనీ, మధ్యలో తెంపు లేదనీ వేలు పెట్టి చూసిన తరువాతనే హన్నమ్మ వెనక్కి వాలింది.

"సాయంత్రం ఏమంటారో నర్సమ్మగారూ," అన్నాడు రామలింగేశ్వరరావు.

"అది నాకు తెలీదండీ. మురళీకృష్ణగారు తన ఇంటికి వెళ్లేలోపు, ఆయనకు చెప్పేశామని అమ్మాయికి మాత్రం మీరే చెప్పండి."

ఆయన మెట్లమీదే కూర్చొని కూతురి నంబరు నొక్కాడు. రెండు రింగులకే ఆ పిల్ల పలికింది.

"చెప్పు నాన్నా."

"పక్కన ఎవరన్నా ఉన్నారా అమ్మా?" అన్నాడు తండ్రి.