నాదేటుంది బాబూ

పేటెంటు వకీలు ముందుగా నేర్చుకోవలసింది వినడం. ఎదుటివాడు తన యంత్రం గురించి చెబుతుంటే అందులో లోకానికి కొత్తదైన ముక్క ఎక్కడుందో పట్టుకోవాలి. ఆ పని నాకు బాగా వచ్చు.

విజయనగరంలో ఒకప్పుడు మాదైన మేడలోనే పై రెండు గదులు అద్దెకు తీసుకుని ఆఫీసు పెట్టుకున్నాను. విశాఖపట్నం సాఫ్ట్‌వేర్ కంపెనీలు అక్కడికే వచ్చేవి. నేను వాళ్ళ దగ్గరికి వెళ్ళేవాణ్ణి కాదు. మా ఇంట్లో ఎవరూ ఇంకొకరి గుమ్మంలో నిలబడి ఎరగరు.

అలా వచ్చిన కంపెనీల్లో ఒకటి, ఫోనుతో చేప తాజాదనం చెప్పే ప్రోగ్రాము తయారుచేసింది. అది చేసిన ఇంజినీరును నా దగ్గరికి పంపారు. ముప్పై ఏళ్ళుంటాయి. కోటబొమ్మాళి అవతల సముద్రపు ఒడ్డున పల్లె, వేట మీద బతికే కుటుంబం. నేను కుర్చీ చూపించలేదు, అతను అడగలేదు.

"మొప్పలు తడిగా ఉంటాయి కదండీ, ఎండలో మెరిసిపోయి నిన్నటి సేప కూడా ఇయ్యాల్టిదానిలాగే కనిపిస్తాది. మా అయ్య ఒకపాలి ఎండలో సూస్తాడు, ఇంకోపాలి దాని మీద తన నీడ ఏసి సూస్తాడు. అప్పుడు సెప్తాడు," అన్నాడు.

అతని ప్రోగ్రాము కన్ను మూసి తెరిచేలోగా రెండు ఫోటోలు తీస్తుంది. ఒకటి ఫోను లైటు వెలిగించి, మరొకటి ఆర్పి. రెండింటినీ పోల్చి లెక్కగట్టి తడి మెరుపును తీసేస్తుంది. మిగిలిన అసలు రంగును బట్టి, వేల ఫోటోలతో తర్ఫీదు పొందిన కృత్రిమ మేధ అది ఏ రోజు చేపో చెబుతుంది. వట్టి ప్రోగ్రాముకు మన దేశంలో పేటెంటు రాదు. కెమెరా, లైటు, లెక్క కలిసి ఒక పని సాధిస్తే అడగడానికి దారి ఉంటుంది. ఇక్కడ కొత్తది ఆ మెరుపు తీసివేతేనని నాకు వెంటనే తెలిసింది.

"ఈ తీసివేత ఎవరి ఆలోచన?" అని అడిగాను. దరఖాస్తులో ఆవిష్కర్తగా ఎవరి పేరు రాయాలో ఆ జవాబును బట్టే తేలుతుంది.

అతను చేతులు కట్టుకున్నాడు. "నాదేటుంది బాబూ, అంతా మా అయ్యదే. నాను కంప్యూటర్లో ఎక్కించినాను, అంతే."

మా తాతగారి ముందు రైతులు ఇలాగే అనేవారట. నాదేటుంది బాబూ, అంతా తమరిదే. అది పెద్దల ముందు మర్యాద మాట. ఈ ప్రాంతంలో పుట్టినవాడెవడూ దాన్ని నిజమనుకోడు. మా వాళ్ళు మాత్రం కాగితం మీద రాయించుకుని వేలిముద్ర వేయించుకునేవారు. మా పొలాలు కొన్ని అలా వచ్చినవే.

అతని మాటలు అలాగే టైపు చేసి ముందు పెట్టాను. చదవకుండా సంతకం చేశాడు.

"నా పేరు వస్తాది కదండీ? ఈడు ఏటకెళ్ళడు, ఫోను పట్టుకుని కూకుంటాడని ఊరంతా ఎక్కిరిస్తారు. పేరుంటే సాలు, ఇంకేటీ వద్దు."

"చూద్దాం," అన్నాను.

వారం తిరక్కుండా కంపెనీ యజమాని ఫోను చేశాడు. ఇంజినీరు వేరే ఉద్యోగం వెతుకుతున్నాడని అతనికి తెలిసిపోయింది.

"వాడి పేరు లేకుండా కుదురుతుందా అండీ? మా అల్లుడు ఆ ప్రాజెక్టుకి మేనేజరు. అతని పేరొకటి చాలు."

"కుదురుతుంది," అన్నాను.

తండ్రిది పాతకాలం నుంచి ఊరందరికీ తెలిసిన విద్య, దానికి పేటెంటు రాదు. కొడుకు కంప్యూటర్లో ఎక్కించాడంతే, సంతకమూ పెట్టాడు. తీసివేత అల్లుడి ఆలోచన అని రాశాను. ఆ అల్లుడికి మొప్పలు ఎక్కడుంటాయో కూడా తెలియదు.

ఏడాదిన్నరకు దరఖాస్తు అందరూ చూసేలా ప్రచురణ అయింది. మర్నాడే ఇంజినీరు తండ్రిని వెంటబెట్టుకుని వచ్చాడు. ముసలాయన నాకు దణ్ణం పెట్టలేదు.

"మావోడి పేరేటయిపోనాది?"

సంతకం ఉన్న కాగితం తీసి చదివి వినిపించాను. ఆయన కొడుకు వైపు తిరిగాడు.

"నాదని సెప్పినావేట్రా? నానెప్పుడు ఫోటోలు తీసినాను? నీ లెక్కలు నాకేటి తెలుస్తాయిరా ఎర్రెదవా?"

"మరేటి సెప్పమంటావు అయ్యా? బాబుగారి ముందు నాదే, నాదే అంటానా?"

"ఇప్పుడు చెప్పు," అన్నాను. "మీ నాన్నది కాదు, నాది అని ఆయన ముందే చెప్పు."

అతను తలెత్తలేదు. "సెప్పరా," అన్నాడు తండ్రి.

"నాదే."

"మీ నాన్నది కాదని కూడా అనాలి."

"మా అయ్యది కాదు. అయ్యకేటీ తెలీదు." ఈసారి గట్టిగానే అన్నాడు. ముసలాయన గోడకేసి చూస్తున్నాడు.

"బాగానే చెప్పావు. కానీ నేను కంపెనీ వకీలును, నీ వకీలును కాను. పేరు చేర్చమని అడగాలంటే ఇంకొకరి చేత రాయించుకో. దానికి జవాబు రాసేది నేనే. ఈ సంతకం జతచేస్తాను."

ముసలాయన నా బల్ల దగ్గరికి వచ్చాడు. "మరి నా ముందర ఆ మాట ఎందుకనిపించినారు?"

"వినాలనిపించింది," అన్నాను.

ఆయన వెనక్కి తిరిగి కొడుకు భుజం పట్టుకుని మెట్లు దిగిపోయాడు. ఆ తర్వాత ఏ వకీలూ నాకు ఉత్తరం రాయలేదు. పేటెంటు అల్లుడి పేరు మీద వచ్చింది. తీసివేత అల్లుడిదని ఆ సంతకం కాగితంలో ఎక్కడా లేదు కాబట్టి, ఎవరైనా రాసి ఉంటే నేను ఓడిపోయేవాణ్ణి. వాళ్ళు గుమ్మం దాటేటప్పుడే నాకు ఆ సంగతి తెలుసు.