అవకాశానికి శాలువా కప్పాం

ఆత్మకూరు బస్టాండు వెనక, మందుల షాపు మేడమీద నేను స్పోకెన్ ఇంగ్లిష్ చెబుతాను. ఉండేది ఉదయగిరిలో. పొద్దున బస్సులో పోయి సాయంత్రం బస్సులో తిరిగొస్తాను. నా క్లాసులో చేరినవాళ్ళు మొదటి వారంలోనే ఒక వాక్యం కళ్ళు మూసుకుని అప్పజెప్పగలరు: "ఐ యామ్ వెరీ మచ్ థ్యాంక్‌ఫుల్ ఫర్ గివింగ్ మీ దిస్ గోల్డెన్ ఆపర్చునిటీ." గొంతు ఎక్కడ పెంచాలో, గోల్డెన్ దగ్గర చెయ్యి ఎంత ఎత్తాలో కూడా నేర్పుతాను. ఆ తర్వాత ఏం మాట్లాడాలో నేర్పేలోపు చాలామంది మానేస్తారు. అది వేరే సంగతి.

మా దగ్గర ఆపర్చునిటీ మైకు ముందు తప్ప బతకదు. ఇంట్లో ఎవరూ దాన్ని ముట్టుకోరు. "నీకు అన్నం తినే అవకాశం దొరికిందా" అని మా నాయన నన్ను ఏనాడూ అడగలేదు, "తిన్నావా లేదా" అన్నాడంతే. ఇంగ్లిష్ వాళ్ళు అలా కాదు. అయినదానికీ కానిదానికీ అవకాశం అంటారు. ఫోన్ చేసే అవకాశం రాలేదన్నారంటే మర్చిపోయారని. అవకాశం దొరికితే ఈ కాగితం చూడండి అన్నారంటే ఇప్పుడే చూడమని. మిమ్మల్ని కలిసే అవకాశం ఇస్తే సంతోషం అన్నారంటే నిజంగా కలవాలని ఉందని. వీడియోలు చూసి చూసి ఇదంతా నేర్చుకున్నాను, బోర్డు మీద రాసి పాఠం కూడా చెప్పాను. అంతా తెలిసి కూడా నేను చేసిన నిర్వాకం ఇది.

మా సందులో ఎదురింటావిడ చెక్క స్పూన్లు చేస్తుంది. వాళ్ళింట్లో పిలిచినట్టే నేనూ ఆపా అంటాను, అంటే అక్క. నాకంటే పెద్దదైనా నన్ను సారూ అంటుంది. పొద్దున గుమ్మంలో కూచుందంటే మధ్యాహ్నం దాకా చెక్కను చెక్కే బాడిస చప్పుడు, ఆ తర్వాత నునుపుచేసే ఆకురాయి గీకుడు. ఆ స్పూన్లు ఎక్కడెక్కడి ఊళ్ళకో పోతాయి గానీ, కొన్నవాళ్ళలో ఒక్కరు కూడా ఆవిడ చెక్కడం చూసిన పాపాన పోలేదు. "మిషన్లో చేసినారనుకుంటారంట సారూ" అని ఒకసారి నాతో చెప్పుకుంది. ఆ మాట అన్నప్పుడు ఆవిడ మొహం చిన్నబోయింది. ఒక్కసారి, ఎవరైనా ఎదురుగా కూచుని తన చేతిలో చెక్కముక్క స్పూనుగా మారడం చూడాలి. ఆవిడ కోరిక అంతే.

పోయిన చలికాలంలో ఆ కోరిక తీరే రోజొచ్చింది. ఇంగ్లండులో ఈ స్పూన్లమ్మే అంగడి నడిపే భార్యాభర్తలు ఇటువైపు వస్తూ ఆపా కూతురి ఫోనుకు మెసేజ్ పెట్టారు. ఆ పిల్ల దాన్ని నాకు పంపింది. ఆవిడ పనిచేస్తుండగా చూసే ఆపర్చునిటీ ఇస్తే ఎంతో సంతోషిస్తామని రాశారు. ఆపా గుమ్మంలోనే నిలబడి అడిగింది.

"ఏమని రాసినారు సారూ?"

"నిన్ను చూసేదానికి వస్తా ఉండారు ఆపా."

"నన్నేంది చూసేది? పని చూస్తారంటనా?"

అక్షరాలా అదే రాసుంది. కానీ ఆపర్చునిటీ అన్న మాట కంటపడగానే నాకు వేదిక, మైకు, ప్లాస్టిక్ కుర్చీలు కనపడ్డాయి. "అది మర్యాదకి రాసే మాట ఆపా. అంత దూరం నుంచి వస్తా ఉంటే మన మర్యాద మనం చెయ్యబళ్ళా?" అన్నాను. ఆవిడ నమ్మింది. సందులో ఇంగ్లిష్ సారు నేనొక్కణ్ణే మరి.

మర్యాద అని అనుకున్నాక మేం ఆగే మనుషులం కాదు. సందుకు అడ్డంగా షామియానా వేశాం. శాలువాలు, రోజాపూల దండలు ఆత్మకూరు నుంచి నేనే మోసుకొచ్చాను. గుమ్మం ముందు పేరుకున్న చెక్కపొట్టంతా ఊడ్పించాను. బాడిస, ఆకురాళ్ళు, సగం చెక్కిన స్పూన్లు గోతంలో వేయించి, పక్కింటాయన ఖాళీ గదిలో పెట్టించి తాళం వేయించాను. "ఒక్క చెక్కన్నా పక్కన పెట్టుకుంటా సారూ" అని ఆపా అంటే, ఫోటోలో బాగుండదని చెప్పాను. ఫ్లెక్సీ కూడా కట్టాం. అందులో ఆపా ఫోటో కంటే నా ఫోటో కొంచెం పెద్దదిగా వచ్చింది. ఫ్లెక్సీ వాళ్ళ పొరపాటని అందరికీ చెప్పాను గానీ, కొలతలు ఇచ్చింది నేనే.

ఆ రోజు దంపతులు కారు దిగీ దిగకముందే దండలు వేసి, శాలువాలు కప్పి, వేదిక ఎక్కించాం. పట్టుచీర కట్టుకున్న ఆపా వాళ్ళ పక్కన చేతులు ఒళ్ళో పెట్టుకుని, స్టూడియోలో ఫోటోకి కూచున్నట్టు కూచుంది. నేను మైకు అందుకున్నాను. గోల్డెన్ ఆపర్చునిటీతో మొదలుపెట్టి, కొండ మీద కోట, ఏలిన రాజులు, చెక్క గొప్పదనం, ఇంగ్లిష్ గొప్పదనం అన్నీ చుట్టి, నా కోచింగ్ టైమింగ్స్ దాకా వచ్చాను.

మధ్యలో ఆ అంగడాయన నావైపు వంగి, ఆవిడ చెక్కడం చూసే అవకాశం ఏమైనా ఉంటుందా అని మెల్లిగా అడిగాడు. నేను మైకులో, "ఈ సువర్ణావకాశం కల్పించినందుకు అతిథులు ఎంతో సంతోషిస్తున్నారు" అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఎందుకో తెలియకపోయినా పాపం ఆయనా కొట్టాడు. టిఫిన్ల దగ్గర ఆయన భార్య మళ్ళీ అదే అడిగింది. "ష్యూర్, ష్యూర్" అంటూ ఆమె ప్లేటులో ఇంకో వడ వేయించాను.

మూడోసారి ఆమె నన్ను అడగలేదు. ఆపా చెయ్యి తన చేతిలోకి తీసుకుని, అరచేతిలో కాయకాసిన చోటు తడిమి, చెక్కుతున్నట్టు సైగ చేసింది. ఆపా చటుక్కున లేచి నావైపు చూసింది.

"పనే చూస్తారంట సారూ."

తాళం తీయండని అరిచాను, అదీ మైకులోనే. తాళంచెవి పక్కింటాయన జేబులో ఉంది. పక్కింటాయనేమో ఎవరిదో పెళ్ళికని షేర్ ఆటో ఎక్కి దుత్తలూరు పోయాడు. ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. పగలగొడదామని ఎవరో పెద్ద రాయి తెచ్చి బాదారు గానీ తాళం కదల్లేదు. గట్టిదిగా ఉండాలని నేనే ఏరి కొన్న తాళమది. ఇంకో ఇంటినుంచి బాడిస తెప్పిస్తానంటే ఆపా తల అడ్డంగా ఊపింది. "పరాయి బాడిస నా చేతికి ఒప్పదు సారూ, స్పూను చెడిపోతాది. వాళ్ళ ముందర చెడిపోయిన స్పూను చెయ్యమంటావా?" అంది. నెల్లూరులో రైలు అందదని డ్రైవరు తొందరపెట్టాడు. అంగడాయన నాకు షేక్‌హ్యాండ్ ఇచ్చి, మళ్ళీ అవకాశం దొరికితే వస్తామన్నాడు. దండలు, శాలువాలు చంకన పెట్టుకుని ఇద్దరూ కారెక్కారు.

"పోతా పోతా ఏమన్నారు సారూ?"

వేదిక మీద చేసిన అనువాదం ఇక్కడ చెయ్యడానికి నాకు సిగ్గేసింది. "వీలుంటే మళ్ళీ వస్తారంట ఆపా" అన్నాను.

"వీలుంటేనా" అంది. పెళ్ళికి పిలిస్తే వీలుంటే వస్తామన్నవాళ్ళని మా వైపు లెక్కలో వేసుకోరు. ఆ ముక్క ఆపాకు నేను విడమరిచి చెప్పక్కర్లేదు. "అయితే రారులే" అని లోపలికి పోయింది. నాకు ఎవరైనా తిడితే బాగుండుననిపించింది. ఎవరూ తిట్టలేదు. ఫంక్షన్ బాగా జరిగిందని మెచ్చుకున్నారు కూడా.

పొద్దుగూకేవేళ పక్కింటాయన తాంబూలం సంచితో దిగి, జేబులోంచి తాళంచెవి తీసిచ్చాడు. ఆపా గోతాన్ని గుమ్మంలో బోర్లించి, పట్టుచీర కొంగు బొడ్లో దోపుకుని, ఒకదానిమీదొకటి పేర్చిన కుర్చీల పక్కన కూచుంది. నేను ఫ్లెక్సీ విప్పుతున్నాను. చెక్కముక్కను చేతిలో అటూ ఇటూ తిప్పి, తల ఎత్తకుండానే అడిగింది.

"ఎదురింట్లోనే ఉండావు. ఒక్క దినమన్నా నిలబడి చూసినావా సారూ? నీకయినా వీలుండాదా ఇప్పుడు?"

గోల్డెన్ ఆపర్చునిటీ నోటిదాకా వచ్చింది. మింగేశాను. కుర్చీ లాగబోయి, మానుకుని, నేల మీదే కూచున్నాను.

"ఉండాది ఆపా."

బాడిస దెబ్బకి మొదటి పొట్టు ఎగిరి, నేను ఊడ్పించిన చోటే పడింది.