ఏ రోజైనా పచ్చడి పెట్టగల మనిషి

మా పెద్ద తోడికోడలికి ముప్పై తొమ్మిదో ఏటే నెలసరి ఆగిపోయింది. ఆవిడ దాన్ని వరంలా తీసుకుంది. నెలసరిలో ఉన్న ఆడది తాకితే పచ్చడికి బూజు పడుతుందని మా వైపు గట్టి నమ్మకం. పండుమిరపకాయలు దిగే రోజుల్లో వీధిలో ఎవరో ఒకరు 'బయట' ఉండనే ఉంటారు, కాయలేమో ఎవరి కోసమూ ఆగవు. అందుకని అందరూ అక్కను పిలవడం మొదలుపెట్టారు. ఆవిడ ఏ రోజైనా ఏ ఇంటికైనా వెళ్లి, కాయలు తొక్కించి, చింతపండు కలిపించి, ఉప్పు సరిపోయిందో లేదో నాలుగైదు సార్లు నాలుక మీద వేసుకు చూసి, జాడీకి గుడ్డ కట్టి వచ్చేది.

"నా అంత అదృష్టం ఎవరికుందే? మీరింకా ఎన్నేళ్లు పడాలో!" అని మమ్మల్ని ఏడిపించేది.

నా బడి చదువు పదో తరగతితో సరి. తర్వాత చదివిందంతా సత్తెనపల్లి గ్రంథాలయంలోనే. బజారు పని మీద బస్సెక్కినప్పుడల్లా అక్కడ కాసేపు కూర్చుంటాను. కథల పుస్తకాలు అయిపోయాక ఆరోగ్యం బీరువా పట్టుకున్నాను. కొత్త పుస్తకం వస్తే లైబ్రేరియన్ గారు ముందు నాకే చూపిస్తారని చెప్పుకోవడానికి నాకేం మొహమాటం లేదు. ఆ బీరువాలోని ఒక పుస్తకంలోనే చదివాను: నలభై లోపే నెలసరి ఆగిపోయినవాళ్లకు, యాభై దగ్గర ఆగినవాళ్ల కంటే, పక్షవాతం వచ్చే అవకాశం ఎక్కువట. వచ్చి తీరుతుందని కాదు. బీపీ చూపించుకుంటూ ఉండాలి, ఉప్పు తగ్గించాలి. ఆ పేజీ రెండోసారి చదువుతుంటే అక్కే కళ్ల ముందు కనిపించింది. కొన్నాళ్లుగా తల దిమ్ముగా ఉందంటోంది. మిరప ఘాటులే అని మేమూ ఊరుకున్నాం. మా ఊళ్లో తుమ్ము దగ్గర్నుంచి తలనొప్పి దాకా అన్నింటికీ ఘాటే కారణం.

ఆ సాయంత్రం రోలు దగ్గరే అడిగాను. "అక్కా, ఒకసారి బీపీ చూపించుకుందాం."

"నాకేం రోగమే?"

"నీకు పెందలాడే ఆగిపోయాయిగా. పక్షవాతం భయం కాస్త ఎక్కువంట. పుస్తకంలో ఉంది."

"నన్ను ఊరంతా పిలుస్తుంటే నీ పుస్తకానికి కళ్లు కుట్టినట్టున్నాయి. ఒసేయ్, లైబ్రరీ డాక్టరమ్మ వచ్చింది, అందరూ నాలుకలు చాపండే!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను కానీ వదల్లేదు. "సరే. రేపు ఆ చెయ్యి పడిపోతే పచ్చడి ఎవరు కలుపుతారు?"

ఆవిడ ఎర్రగా ఉన్న తన చేతివైపు చూసుకుంది. తెల్లారాక వచ్చి, "బస్సెన్నింటికే?" అంది.

"నెలసరి ఎప్పుడు ఆగిందమ్మా?" అని డాక్టరుగారు అడిగారు.

"ముప్పై తొమ్మిదికేనండి!" క్లాసులో ఫస్టొచ్చిన పిల్లలా చెప్పింది అక్క.

డాక్టరుగారు బీపీ రెండుసార్లు చూశారు. ఎక్కువే ఉంది. పుస్తకం చెప్పినట్టే చెప్పి, మంచి సమయానికే వచ్చారన్నారు.

"నేను చదివినదాంట్లోనూ ఇలాగే ఉందండి," అన్నాను ఉండబట్టలేక.

"ఏం చదివారమ్మా మీరు?"

"పదేనండి," అంది అక్క నాకంటే ముందే. "కానీ ఊరుకోదు."

మాత్రలు రాసిచ్చి, పచ్చడి పెట్టుకోవచ్చు గానీ అన్నిసార్లు ఉప్పు చూడొద్దని, పచ్చడి తినడమూ తగ్గించమని అన్నారు. తిరుగు బస్సులో అక్క దిగాలుగా కూర్చుంది. "ఉప్పు చూడకుండా పచ్చడేంటే? ఇంక నన్నెవరు పిలుస్తారు?"

మర్నాడే పక్కింటివాళ్లు పిలిచారు. కాసేపటికి అక్క నాకు కబురు పెట్టింది. నేను వాళ్ల గుమ్మం దగ్గరే ఆగిపోయాను.

"ఇవాళ నేను బయటున్నానక్కా."

రోలు చుట్టూ ఉన్నవాళ్లంతా తలెత్తారు. అక్క గట్టిగా ఊపిరి తీసుకుంది. "నాలుకకేం ముట్టు? రా, నోరు తెరువు."

"మా పచ్చడికి బూజు పడితేనో?" అంది ఇంటావిడ.

"పడితే మా ఇంటి జాడీ మీకిస్తాలే. నువ్వు చెప్పవే, ఉప్పు సరిపోయిందా?"

"ఇంకో గుప్పెడు పడాలి."

"నీ గుప్పెడా, నా గుప్పెడా?"

"నా గుప్పెడు."

"అయితే నువ్వే వెయ్యి," అని ఉప్పు గిన్నె నా వైపు జరిపింది.