జామతోటలో కర్రల ఇల్లు

మా వదినె పోయిందన్న కబురు నిన్న పొద్దున పాలమూరులో నాకు తెలిసింది. ఊరి నుంచి మొదటి బస్సుకు వచ్చిన మరిది వాకిట్లోనే నిలబడి చెప్పాడు. నిద్రలోనే పోయిందట. పక్కన ఎవరూ లేరట. ఆ రెండో మాటే నాతో ఉండిపోయింది.

ఆమె మా ఆయనకు అక్క. చిన్నతనంలోనే భర్త పోతే పుట్టింటికి వచ్చేసింది. నిజాం రోజుల్లో నేను ఆ ఇంటికి కోడలిగా వెళ్లేసరికే, శుభకార్యం అనగానే పక్కకు తప్పుకోవడం ఆమెకు అలవాటైపోయింది. ఎవరూ చెప్పాల్సిన పని లేదు. తనే లేచి వెళ్లేది.

ఒక ఎండాకాలం తమ్ముణ్ని అడిగింది, ఊరి బయట మా జామతోటలో నీడకు కూర్చునే జాగా కావాలని. మా ఆయన అమ్రాబాద్ అడవి వైపు నుంచి బండి మీద టేకు, నల్లమద్ది కర్ర తెప్పించాడు. వడ్రంగం చేసే వడ్లాయన బాడిసె తీసి బెరడు చెక్కబోతే వదినె వద్దంది.

"గట్లనే ఉండనియ్యి. నున్నగ చేస్తే గిది గూడ మన ఇల్లు లెక్కనే అయితది."

బెరడుతోనే గుంజలు పాతారు. పైన కొమ్మ చీలిన పంగను అలాగే ఉంచి, దాంట్లో దూలాన్ని కూర్చోబెట్టారు. పాముల భయానికి నేలను మోకాలెత్తు లేపి పలకలు పరిచారు. గోడ నడుము ఎత్తు వరకే. ఆ పైన అన్ని వైపులా గాలి. వానొస్తే దించుకోవడానికి వెదురు తడికెలు. గడ్డి కప్పు ఎంత కిందికి దిగిందంటే, ఎంతటివాళ్లయినా తల వంచే లోపలికి రావాలి. తలుపు ఎటు పెట్టాలని వడ్లాయన అడిగితే, వచ్చేవాళ్లెవరున్నారని తలుపు అందట. అయినా జామకాయ కోసుకుంటే సగం పక్కన పెట్టేది, ఎవరైనా వస్తే ఇద్దామని. మొదట్లో దీపాల వేళకు ఇల్లు చేరేది. పోనుపోను అదీ మానేసింది.

తరువాత కొన్నాళ్లకు ఊళ్లో ఎలుకలు చచ్చి పడ్డాయి. ప్లేగు భయంతో ఊరంతా ఇళ్లు విడిచి చేలల్లో గుడిసెలు వేసుకుంది. మేము మూటలతో వదినె దగ్గరికి చేరాం. నాకప్పుడు నెలలు నిండాయి. నొప్పులు మొదలైతే మంత్రసాని కోసం వెళ్లిన మా ఆయన ఒక్కడే తిరిగి వచ్చాడు. ఆమె ఏ ఊరు పోయిందో ఎవరికీ తెలియదు. మా అత్తకు చూపు సరిగా ఆనదు. వదినె చూరు కింద, బయటే నిలబడింది.

"నేను ముట్టొచ్చునా?" అంది. అడిగింది అత్తను కాదు, నన్ను.

"నువ్వు గాకుంటె ఎవరున్నరు వదినె? దా" అన్నాను.

నా బిడ్డను ఈ లోకంలో మొదట పట్టుకున్నవి ఆ చేతులే. తన పాత చీరతో దూలానికి ఊయల కట్టింది. పిల్ల ఏడిస్తే నాకంటే ముందు లేచేది. ఆమె నవ్వుతుంది అని నాకు ఆ నెలల్లోనే తెలిసింది.

జబ్బు సద్దుమణిగి ఊరు మళ్లీ ఇళ్లకు చేరింది. మేము మూటలు కడుతుంటే, "ఇంకొక వారం ఉండరాదుండ్రి. ఇంటికి సున్నమన్న ఏసినంక పోదురు" అంది. మంచిరోజు దాటిపోతుందంది మా అత్త. ఊళ్లోని మా పెద్దింట్లో పిల్లను తొట్టెలలో వేసిన వేడుక నాడు వదినె కోసం మనిషిని పంపాను. తోటలో పనుందని చెప్పి పంపేసింది.

మర్నాడు పిల్లను ఎత్తుకుని నేనే వెళ్లాను. చీర ఊయల దూలానికి అలాగే ఉంది. నాలుగు వైపుల గాలికి దానంతటదే ఊగుతోంది. ఖాళీ ఊయల ఊగితే బిడ్డకు మంచిది కాదంటారు. వదినె మావైపు వీపు పెట్టి చిక్కుళ్లు ఒలుస్తోంది. మేము వచ్చింది చూడలేదు. ఊయల కదిలినప్పుడల్లా చెయ్యి చాచి ఆపుతోంది.