వానకు నిలిచే కర్ర

పొద్దున్న కురిసిన వానకు మా వీధి చివర తలుపులు చేసే దుకాణం ముందు రంపపు పొట్టు కుప్ప తడిసింది. కూరగాయల కోసం అటుగా వెళ్తుంటే ఆ వాసన తగిలింది. తడిసిన టేకు పొట్టుకు తోలు వాసనకూ నూనె వాసనకూ మధ్యన ఉండే ఒక ఘాటు ఉంటుంది. చాలామందికి అది హాయిగా అనిపిస్తుందట. నాకు మాత్రం ఇప్పటికీ అరచేతులు చెమరుస్తాయి. నేను అక్కడే ఆగిపోవడం చూసి దుకాణదారు "ఏమైందమ్మా, కాసేపు కూర్చుంటారా?" అని కుర్చీ జరిపాడు. ఏమీ లేదన్నాను. ఈరయ్య మేస్త్రీ గుర్తుకొచ్చాడని ఆయనకు చెబితే ఏం తెలుస్తుంది? ఈరయ్యను చూసినవాళ్ళు ఇప్పుడు ఎంతమంది మిగిలి ఉన్నారో కూడా నాకు తెలియదు. అందుకే రాస్తున్నాను.

రాష్ట్రం ఏర్పడిన కొత్తలో మా నాన్నగారి ఆఫీసు కర్నూలు నుంచి హైదరాబాదుకు మారింది. మాది తెనాలి వైపు. నాంపల్లి స్టేషను వెనక రెండు గదుల వాటాలో అద్దెకు దిగాం. కొన్నేళ్ళకు నేను వృక్షశాస్త్రంలో డిగ్రీ ముగించి, అబిడ్స్ పోస్టాఫీసు దగ్గర సందులో ఉన్న ఒక బాలికల బడిలో సైన్సు టీచరుగా చేరాను. అది ఒకప్పుడు ఎవరో జాగీర్దారు కట్టించుకున్న బంగళా. ముందు భాగమంతా పెంకుల వసారా, దాన్ని మోస్తూ ఆరు చెక్క స్తంభాలు. పడమటి వాన నేరుగా వాటినే కొట్టేది. వసారా బడికి గుండెకాయ లాంటిది. ప్రార్థన అక్కడే, మధ్యాహ్నం అన్నం డబ్బాలు విప్పేది అక్కడే, వాన వస్తే రెండు వందల మంది పిల్లలు పరుగెత్తుకొచ్చి నిలబడేదీ అక్కడే. హెడ్మిస్ట్రెస్ రూతమ్మగారు మెదక్ నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం ఆవిడ. తక్కువ మాట్లాడేవారు. ఆ తక్కువ మాటలకే మేమందరం భయపడేవాళ్ళం.

ఒక వేసవి చివర, ఏడో తరగతి పిల్ల ఒకతి ఆడుకుంటూ పెన్సిలుతో మూడో స్తంభం అడుగున పొడిచింది. పెన్సిలు సగం దాకా లోపలికి దిగిపోయింది. ఆ పిల్ల నవ్వుతూ నాకు చూపించింది. నాకు నవ్వు రాలేదు. ఆకుపచ్చ రంగు పొర కింద కర్ర తడి రొట్టెలా అయిపోయి ఉంది. రూతమ్మగారు ఆ రోజే ఈరయ్యను పిలిపించారు. నాంపల్లిలో ఆయన చేయి పడని పాత ఇల్లు లేదని పేరు. సన్నటి మనిషి, నెరిసిన మీసం, చెవి వెనక ఎప్పుడూ ఒక పెన్సిలు ముక్క. ప్రతి స్తంభాన్నీ ఉలి వెనక వైపుతో కొట్టి చెవి ఒగ్గి విన్నాడు. "ఆరుకు ఆరు పోయినయమ్మా. మట్టిల పాతిన్రు, నీళ్ళు తాగి తాగి పుచ్చినయ్. వానల లోపట మార్చాలె" అన్నాడు. మరీ పాడైన రెండింటి పక్కన అడ్డకర్రలు పోట్లుగా నిలబెట్టి, వాటి కింద బండలు సర్ది, దూలం బరువు వాటి మీదికి ఎత్తాడు.

కర్ర ఎవరు ఎంచాలన్న మాట వచ్చినప్పుడు రూతమ్మగారు నా వైపు చూసి, "శారదా, నువ్వు చెట్ల గురించి చదివినదానివి కదా, మేస్త్రీతో కలిసి వెళ్ళు" అన్నారు. నాకు ఛాతీ ఉప్పొంగింది. మర్నాడు ఈరయ్య రావడం గంట ఆలస్యమైంది. అంతకు ముందురోజు ఆయన నన్ను "నువ్వు" అనడం కూడా మనసులో గుచ్చుకుంటూ ఉంది. మా వైపు పరాయి ఆడపిల్లను అలా అనరు. ఇక్కడ పెద్దవాళ్ళు అందరినీ ప్రేమగానే అలా పిలుస్తారని నాకు అప్పటికి ఒంటబట్టలేదు. ఆయన కోసం ఆగకుండా ఒక్కదాన్నే రిక్షా ఎక్కి నాంపల్లిలోని కట్టెల అడితికి వెళ్ళాను. "ఒక్క ముడి చూపించండమ్మా, ఫస్టు క్లాసు టేకు" అన్నాడు అక్కడి గుమాస్తా. నిజంగానే ఒక్క ముడి లేదు. నిటారుగా, లేత గోధుమరంగులో, చూడముచ్చటగా ఉన్నాయి. ఆరు కర్రలు నేనే వేలు పెట్టి చూపించి, బండికెత్తించి, వెంట ఉండి తెచ్చాను.

ఈరయ్య వాటి చుట్టూ తిరిగాడు. ఒక దాని కొసన నీళ్ళు చిలకరించి, అవి ఎంతసేపట్లో ఇంకుతాయో చూశాడు. ఉలి ఆనించి నొక్కితే మెత్తగా దిగింది.

"గివి ఎవరు ఏరిన్రు?"

"నేనే. టేకు కాదా?"

"టేకే పంతులమ్మా. కాని చేవ లేదు. చెట్టు బయటి చెక్క, లేత చెక్క గిది. ఇంట్ల అల్మారకైతే నడుస్తది. గీడ వానకు పెడితే మూడేండ్లల్ల చెదలు తింటయ్."

కాండం అడ్డుకోత బొమ్మను నల్లబల్ల మీద ఎన్నోసార్లు గీశాను. మధ్యలో ముదురు రంగు చేవ, దాని చుట్టూ నీళ్ళు మోసే లేత చెక్క. రంగు సుద్దలతో వేరువేరుగా చూపించేదాన్ని. కళ్ళముందు ఆరు కర్రల్లో ఆ లేత చెక్క ఉంటే గుర్తుపట్టలేకపోయాను. ఆ మాట ఒప్పుకోకుండా టేకు శాస్త్రీయ నామం, దాని లక్షణాలు గడగడా చెప్పేశాను. ఈరయ్య ఓపికగా విన్నాడు. "పేరు వానల నిలవడది గద తల్లీ. కట్టె నిలవడతది" అన్నాడు.

అసలు చిక్కు ఆ సాయంత్రం మొదలైంది. బడి కమిటీ కార్యదర్శి వచ్చారు. వారం రోజుల్లో ఇన్‌స్పెక్టరు తనిఖీ ఉంది. కొత్త స్తంభాలు ఇంకా నేలమీదే ఎందుకున్నాయని హెడ్మిస్ట్రెస్ గదిలో ఈరయ్యను నిలదీశారు. పై తరగతులకు అనుమతి రావాలంటే వసారా నిలబడి ఉండాలి. "రంగు వేసి నిలబెట్టు. ఎవడు చూస్తాడు?" అన్నారు.

"రంగేస్తే లోపట పుచ్చేది కనవడది సారూ, గంతే. కింద పిల్లలుంటరు. నేను పెట్ట."

"అయితే ఈ కర్ర ఎవరు తెమ్మన్నారు? తెచ్చేటప్పుడు నీ కళ్ళు ఏమయ్యాయి?"

నేను తలుపు పక్కనే నిలబడి ఉన్నాను. ఈరయ్య నా వైపు చూడలేదు. చూసి ఉంటే బహుశా చెప్పేసేదాన్నేమో. ఆయన నేల వైపు చూస్తూ, "కర్ర మార్చాలె సారూ" అని మాత్రం అన్నాడు. ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు. నాన్నగారి ముఖం, కమిటీ వాళ్ళ ముఖాలు కళ్ళముందు తిరిగాయి. తలుపు గొళ్ళెం పట్టుకుని అక్కడే ఉండిపోయాను. వేరే మేస్త్రీని చూసుకుంటామని కార్యదర్శి లేచి వెళ్ళిపోయారు. ఈరయ్య పనిముట్ల సంచీ భుజాన వేసుకుంటూ, గేటు దగ్గర నాతో ఒక్కటే చెప్పాడు: "పోట్లను ఎవర్నీ ముట్టనియ్యకు. పిల్లల్ని వసారల నిలవెట్టకు. జర యాదుంచుకో."

తరువాతి రెండు రోజులు ఎలా గడిచాయో ఎవరికీ చెప్పుకోలేదు. పాఠం చెబుతూ మాటిమాటికీ కిటికీలోంచి ఆ అడ్డకర్రల వైపు చూసేదాన్ని. పిల్లలను వసారాలోకి రానీయకుండా తాడు కట్టించాను. రూతమ్మగారి గది తలుపు దాకా నాలుగుసార్లు వెళ్ళి నాలుగుసార్లూ వెనక్కి వచ్చాను. పని పోయినా ఈరయ్య మాత్రం రోజూ వచ్చేవాడు. పోట్ల కింది బండలు చేత్తో కదిపి చూసి, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళిపోయేవాడు. నన్ను చూస్తే తలూపేవాడు. ఆ తలూపడం తిట్టుకంటే కష్టంగా ఉండేది.

మూడో రోజు మధ్యాహ్నం అన్నాల వేళకు ఆకాశం ఒక్కసారిగా నల్లబడింది. గాలితో పాటు వాన. ఆవరణలో ఉన్న పిల్లలు తాడూ గీడూ చూసుకోలేదు, అలవాటు కొద్దీ వసారాలోకి పరుగెత్తారు. నేను మెట్ల మీద ఉన్నాను. పెంకుల మీంచి పడే నీటికి అడ్డకర్ర కింది మట్టి కరిగి, బండ ఒక పక్కకు ఒరిగింది. పైన దూలం కిర్రుమంది. ఆ చప్పుడు నేను ఇప్పటికీ వినగలను. అంతలో గేటులోంచి ఈరయ్య తడుస్తూ పరుగెత్తుకొచ్చాడు. జారుతున్న పోటుకు తన భుజం ఆనించి, "పంతులమ్మా, పిల్లల్ని లోపటికి గుంజు! లోపటికి!" అని అరిచాడు. నేను తరగతి గది తలుపులు బార్లా తెరిచి, దొరికిన చేయి దొరికినట్టు పట్టుకుని లోపలికి తోశాను. ఎవరి జడ పట్టుకున్నానో, ఎవరిని కిందపడేశానో తెలియదు. ఆఖరి పిల్ల గడప దాటిన తరువాత ఈరయ్య పక్కకు దూకబోయాడు. దూలం కొస ఆయన ఎడమ భుజం మీద పడింది. ఆ వెనక పెంకులు కుండపోతగా రాలాయి.

పిల్లల్లో ఒక్కరికీ గీత పడలేదు. ఈరయ్యకు భుజం ఎముక విరిగింది. దవాఖాన వరండాలో కార్యదర్శి రూతమ్మగారితో, "పోటు సరిగా పెట్టుకోవడం చేతకాలేదు. కర్ర దగ్గర్నుంచీ అన్నీ ఇతని తప్పులే" అంటున్నారు. నా కాళ్ళు వణికాయి. వాళ్ళిద్దరి మధ్యకు వెళ్ళి నిలబడ్డాను. "కర్ర ఎంచింది నేనండీ. ఆయన కోసం ఆగకుండా వెళ్ళి తెచ్చాను. పనికిరాదని ఆయన మొదటి రోజే చెప్పాడు. ఆ రోజు గదిలో మీరు అడిగినప్పుడు నేను నోరు మూసుకున్నాను."

కార్యదర్శి ఏదో అనబోతే రూతమ్మగారు చేయి ఎత్తి ఆపారు. "రెండు రోజులు, శారదా" అన్నారు. అంతే. అంతకంటే ఒక్క మాట ఎక్కువ అన్నా నాకు తేలికగా ఉండేది. మర్నాడు ఆవిడే కమిటీ ముందు కూర్చుని, తనిఖీ వాయిదా వేయించి, సరైన కర్ర కొనడానికి ఒప్పించారు. నా ఉద్యోగం పోలేదు. అది ఆవిడ దయ.

లోపలికి వెళ్ళి ఈరయ్య మంచం పక్కన నిలబడ్డాను. "ఆ రోజు నా పేరు ఎందుకు చెప్పలేదు?" అని అడిగాను.

"నువ్వే చెప్తవని ఆగిన. నేను చెప్తే నిన్ను నాలుగు తిడ్తరు, గంతే. నువ్వు చెప్తే ముచ్చట ఖతమైతది." కళ్ళు మూసుకుని అన్నాడు: "నాది గూడ తప్పుంది బిడ్డా. మట్టి మీద బండ పెట్టి నమ్మిన. సిమెంటు దిమ్మె పోస్తే గిట్ల కాకపోవు." తప్పును అంత మామూలుగా, మంచినీళ్ళు అడిగినట్టుగా ఒప్పుకునే మనిషిని నేను అంతవరకు చూడలేదు.

పదిహేను రోజులకు, చేయి మెడకు వేలాడేసుకునే, ఆయన నన్ను మళ్ళీ అడితికి తీసుకెళ్ళాడు. ఈసారి తను ముందు నడవలేదు. "నువ్వే ఏరు" అన్నాడు. నేను కొసలు చూశాను. లేత అంచు ఉన్నవి పక్కకు తోయించాను. వలయాలు దగ్గరదగ్గరగా ఉన్నవి, ఎత్తితే బరువుగా ఉన్నవి, నీళ్ళు పోస్తే ఇంకక జారిపోయేవి వేరు చేశాను. అయిదు దొరికాయి. ఆరోదిగా గుమాస్తా చూపించింది దాదాపు బాగానే ఉంది, ఒక పక్కన బొటనవేలంత తెల్లచార మాత్రం ఉంది. చీకటి పడేలా ఉంది. ఈరయ్య ముఖం చూశాను. అవునో కాదో అందులో ఏమీ దొరకలేదు. "వద్దు, రేపు మళ్ళీ వస్తాం" అన్నాను.

"ఔ" అన్నాడు ఈరయ్య.

మర్నాడు ఆరోది దొరికాక, ఆయన చెబుతుంటే ఆయన తమ్ముడు స్తంభాలు నిలబెట్టాడు. ఈసారి మట్టిలో పాతలేదు. నేలకు జానెడు ఎత్తున రాతి దిమ్మెలు, అడుగున నీరు నిలవకుండా సందు, కొసలకు తారు. ఈరయ్య ఎడమ చేయి ఆ తరువాత ఎన్నడూ చెవి పైకి లేవలేదు. పైకప్పు పనులు మానుకుని కిటికీలు, పెట్టెలు చేసుకుంటూ బతికాడు. దాని గురించి ఒక్కసారి కూడా నాతో ఎత్తలేదు. నేను ఎత్తితే మాట మార్చేవాడు. డెబ్బైల మొదట్లో ఆయన పోయినప్పుడు నాంపల్లిలో ఆయన ఇంటి ముందు నిలబడి, దవాఖానలో ఒప్పుకున్నది చాలలేదని అనుకున్నాను. ఇప్పటికీ అలాగే అనుకుంటాను.

ఆయన పోయిన ఏడాది, తొమ్మిదో తరగతి చివరి పరీక్షల్లో ఒక పిల్ల మార్కులు నేను తప్పుగా కూడినట్టు కనిపెట్టాను. ఆ పిల్ల తప్పినట్టు అప్పటికే ఇంటికి తెలిసిపోయింది. ఎవరూ అడగలేదు, ఎవరికీ అనుమానం రాలేదు. స్టాఫ్ రూమ్‌లో లేచి నిలబడి చెప్పాను. తరువాత బషీర్‌బాగ్‌లోని వాళ్ళ ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళి ఆ పిల్లకూ, వాళ్ళ అమ్మకూ చెప్పాను. తలుపు తట్టేటప్పుడు కాళ్ళు దవాఖాన వరండాలో వణికినట్టే వణికాయి. వయసుతో ఆ వణుకు పోతుందనుకున్నాను, పోలేదు. కాకపోతే, తప్పు నాదని తెలిసిన రోజు పొద్దు గుంకకముందే చెప్పేస్తాను. రెండు రోజులు ఆగితే ఎవరి భుజం విరుగుతుందో నాకు తెలుసు.