తుప్పు పట్టించిన మిషను

మా బజారులో కుట్టుమిషన్లు బాగుచేసే అతన్ని అందరూ తళుకు అంటారు. అసలు పేరు వేరే ఉంది గానీ, దాన్ని ఇప్పుడు వాళ్ళావిడ కూడా వాడటం లేదు. నెట్‌లో అతను నడిపే వీడియోల ఛానల్ పేరు ‘తుప్పు నుంచి తళుకు’. మొదటి మాట వదిలేసి చివరి మాటే తగిలించారంటే మా బజారు వాళ్ళు మంచివాళ్ళనే చెప్పాలి. నాది అతని పక్క కొట్టు. దారాలు, గుండీలు, జిప్పులు, లైనింగు గుడ్డ అమ్ముతాను. మా రెండు కొట్ల మధ్య ఉన్నది గోడ కాదు, చెక్క పలకలు. అతను దగ్గితే నా గుండీల డబ్బాలు కదులుతాయి. అందుకే అతని సంగతులు నాకు తెలిసినంతగా ఇంకొకరికి తెలియవు. తెలియనివి ఊహించి చెప్పే అలవాటు కూడా నాకు ఉందనుకోండి, ఇది మాత్రం కళ్ళారా చూసింది.

బట్టలన్నీ కుట్టి సిద్ధంగా దొరకడం మొదలయ్యాక ఇళ్ళల్లో మిషన్లు మూలన పడ్డాయి. మిషన్లతో పాటు తళుకు కూడా మూలన పడ్డాడు. ఈగలు తోలుకునే రోజుల్లో, పాత ఇనుము కొట్టులో దొరికిన ఒక మిషన్ని విప్పి, తుప్పు గీకి, రంగు వేసి, అదంతా ఫోన్లో తీసి పెట్టాడు. మాటా పలుకూ లేదు. మొహం చూపించడు. చేతులు, పనిముట్లు, చప్పుడు, అంతే. బిగుసుకున్న మర కిర్రుమని కదలడం, చక్రం మీద నూనె బొట్టు జారడం, ఎండిన తోలు బెల్టు తెగడం. అవి చూడటానికి జనం ఎగబడ్డారు. నాకైతే మొదట్లో నవ్వొచ్చింది. ఒక్క నూనె బొట్టు సరిగ్గా జారలేదని తుడిచి, మళ్ళీ వేసి, మళ్ళీ తుడిచి, పొద్దు గడిపేవాడు. మీ ఆవిడ మొహం కేసి కూడా ఎప్పుడూ ఇంతసేపు చూసి ఉండవు అన్నాను ఓసారి. అతను వినలేదు. అతనికి అది ఆట కాదని, ఆ నూనె బొట్టులో అతనికి ఏదో సుఖం ఉందని తర్వాత అర్థమైంది. చేతిలో కళ ఉన్నవాడు. ఆ మాట ఇప్పుడు కూడా కాదనను.

కొన్నాళ్ళకి ఆ వీడియోలే ఇల్లు గడిపే స్థాయికి వచ్చాయి. ప్రకటనల మీద డబ్బు వచ్చేది. నూనె డబ్బాల కంపెనీ వాళ్ళు సరుకు పంపేవాళ్ళు. సాయంత్రాలు వంటింటి బల్ల దగ్గర కూర్చుని వాళ్ళావిడ వీడియో ముక్కలు కత్తిరించి, అతికించి, పైన బొమ్మ పెట్టేది. బొమ్మలో సగం మిషను తుప్పు, సగం మెరుపు. అక్కడే ఉంది చిక్కంతా. చూసేవాళ్ళకి మెరుపు కావాలి గానీ, అంతకంటే ముందు తుప్పు కావాలి. మిషను ఎంత అసహ్యంగా ఉంటే అంత మంది చూస్తారు. మిషను ఉన్న మనిషేమో దానికి నూనె వేసుకుంటుంది, తుడుచుకుంటుంది. పాత ఇనుము కొట్టులో ఉన్న నాలుగూ అయిపోయాక ఇక తుప్పు ఎక్కడి నుంచి తేవాలి?

తానే పట్టించడం మొదలుపెట్టాడు. మిషనుకున్న నూనెంతా సబ్బునీళ్ళతో కడిగేసి, ఉప్పు కలిపిన పుల్లనీళ్ళు చల్లి, తడి గోనె కప్పి మేడ మీద పెట్టేవాడు. రెండు మూడు ఎండలకి ఇనుము ఎర్రబారేది. ఆపైన మసి, దుమ్ము కలిపి పూసేవాడు. సొంత డబ్బుతో కొన్న మిషన్లకి చేసినంతకాలం అది అతని ఇష్టం. కొనడానికి మిషన్లు దొరకనప్పుడు, బాగుచేయమని జనం ఇచ్చిన వాటి మీదికి చెయ్యి పోయింది. అలా పోయిన చెయ్యి ఆగిన చోటు కాలర్ల పెద్దమ్మ మిషను.

కాలర్ల పెద్దమ్మ అంటే మా వెనక వీధిలో ఉండే కుట్టుపని ఆవిడ. చొక్కా కాలర్ అరిగిపోతే విప్పి, తిరగేసి, కొత్తదానిలా కుట్టి ఇస్తుంది. ఆవిడ కుట్టిన కాలర్ మెడకి తగిలినట్టే ఉండదు. ఒక కంటికి ఆపరేషన్ అయింది, రెండో కన్ను కూడా అంతంత మాత్రం. మందుల షాపులో పనిచేసే కూతురు ఇక చాలు మానేయమ్మా అంటూనే ఉంటుంది. పెద్దమ్మ మాత్రం వినదు. ఆ మిషన్ని కళ్ళల్లో పెట్టుకుని చూసుకునేది. అక్క గారింటికి వెళుతూ, వచ్చేలోగా నూనె వేసి బెల్టు మార్చి ఉంచమని తళుకుకి అప్పగించింది. తిరిగి వచ్చేసరికి మిషను తళతళలాడిపోతోంది. అరిగిపోయిన బంగారు గీతలు కూడా మళ్ళీ గీసి ఉన్నాయి. నూనెకీ బెల్టుకీ తప్ప పైసా ఎక్కువ తీసుకోలేదు. పెద్దమ్మ మురిసిపోయింది. ఆవిడకి మేలే చేశానని అతనూ అనుకున్నాడు.

పెద్దమ్మ మిషను మీద తీసిన వీడియో అతను తీసినవాటన్నిటికంటే బాగా ఆడింది.

ఒక మధ్యాహ్నం పెద్దమ్మ నా కొట్టుకొచ్చి, సంచిలోంచి దారపు రీళ్ళు, విప్పని జిప్పుల పొట్లం తీసి బల్ల మీద పెట్టింది. వెనక్కి తీసుకుంటావా అని అడిగింది. అమ్మిన సరుకు వెనక్కి తీసుకోబడదని నా కొట్లో బోర్డుంది, రాయించింది నేనే. ఆవిడ మొహం చూశాక బోర్డు గుర్తు రాలేదు. ఏమైందని అడిగితే నెమ్మదిగా చెప్పుకొచ్చింది. కూతురు ఫోన్లో వీడియో చూసిందట. మిషను కింది చెక్క మీద ఇస్త్రీపెట్టె కాలిన మచ్చ ఉంది, దాన్ని బట్టి మనదే అని గుర్తుపట్టిందట. ముందు ఇద్దరూ సంబరపడ్డారట. తర్వాత ఆ తుప్పు చూశారు. కింద జనం రాసినవి చదివారు. ఈ మిషను సొంతదారుని జైల్లో పెట్టాలని ఒకరు, ఈ మురికి మీద కుట్టిన బట్టలు ఎవరు తొడుక్కున్నారో పాపం అని ఇంకొకరు. కూతురు కోప్పడి ఉంటే బాగుండేది. కోప్పడకుండా, కనిపించడం లేదని నాకు ముందే చెప్పొచ్చు కదమ్మా అందట.

"రోజూ తుడిచేదాన్నే తల్లీ," అంది పెద్దమ్మ. "తుడుస్తున్నాననుకున్నాను. కంటికి కనపళ్ళేదు సరే, చేతికన్నా తగలాలిగా. అదీ తగల్లేదు."

కుట్టడానికి వచ్చిన గుడ్డలన్నీ ఇంటింటికీ తిరిగి ఇచ్చేసిందట. ఎవరైనా ఆ వీడియో చూసి ఉంటారేమోనని తల ఎత్తకుండా ఇచ్చి వచ్చేసిందట. దారాలు తీసుకుని డబ్బు ఇచ్చాను. ఆవిడ పక్క కొట్టుకు వెళ్ళింది. చెక్క పలకల అవతల నుంచి ప్రతి మాటా వినిపించింది.

"అలాంటి మిషన్ని నీ చేతిలో పెట్టినందుకు నాకే సిగ్గుగా ఉంది బాబూ. నువ్వు కాబట్టి ఒక్క మాట అనకుండా బాగుచేశావు."

ఏదో పనిముట్టు బల్ల మీద పెట్టిన చప్పుడైంది. తర్వాత తళుకు అన్నాడు, "పర్లేదు పెద్దమ్మా. అవుతూ ఉంటాయి."

ఎవరైనా కొనేవాళ్ళుంటే చూడమని చెప్పి ఆవిడ వెళ్ళిపోయింది. చూస్తానన్నాడు. కాసేపటికి వచ్చి నా బల్ల ముందు నిలబడి, గుండీల డబ్బా మూత తీస్తూ పెడుతూ జరిగిందంతా చెప్పాడు. ఉప్పునీళ్ళ సంగతి, గోనె సంగతి నాకు తెలిసింది అప్పుడే. ఒళ్ళు మండిపోయింది. నేనన్న మాటలు కొన్ని రాయడానికి బాగుండవు.

"పాడుచెయ్యలేదక్కా. కొత్తదానికన్నా బాగా చేసిచ్చాను," అన్నాడు.

"మిషను సరే. ఆవిణ్ణి ఏం చేశావో చూశావా?" అన్నాను.

ఆ సాయంత్రం ఇంట్లో చెప్పాడట. వాళ్ళావిడకి తుప్పు వెనక కథ తెలియదు. జనం అలాగే తెచ్చి ఇస్తున్నారనుకుంది పిచ్చితల్లి. చేతిలో పని వదిలేసి ముందు ఆ వీడియో తీసేసిందట. మర్నాడు వీడియో పోయిందక్కా అని చెప్పాడు, పీడ వదిలినట్టు. పోయింది ఫోన్లోంచి, పెద్దమ్మ బుర్రలోంచి కాదు అన్నాను. వెళ్ళి చెప్పు అన్నాను. ఇవాళ వాన అన్నాడు. ఇంకో రోజు తలనొప్పి అన్నాడు. చివరికి అసలు మాట బయటపెట్టాడు. ఇది బయటికి పొక్కితే ఛానల్ ఉండదు, పాత మిషన్లు తెచ్చి ఇచ్చే నలుగురు కూడా రారు, బజారులో మొహం ఎలా చూపించాలి అని. అతనికి మొహం చూపించుకోవడం గురించి దిగులుగా ఉంది, అవతల ఆవిడ అప్పుడే మొహం దాచుకుని తిరుగుతోంది.

వారం తిరక్కుండానే ఒక మనిషి తళుకు కొట్టుకొచ్చాడు. కూతురి కోసం మంచి పాత మిషను కావాలి, ఎవరైనా అమ్ముతున్నారా అని అడిగాడు. తళుకు తెలియదన్నాడు. ఆయన నా కొట్లోకి తల పెట్టి, మీకేమైనా తెలుసా అని అడిగాడు. నేను తళుకు వైపు చూశాను, నోరు విప్పలేదు. ఆ మనిషి వెళ్ళగానే తళుకు షట్టర్ దించేశాడు. "నువ్వు కూడా రా అక్కా," అన్నాడు. నేనూ తాళం వేశాను.

పెద్దమ్మ ఇంట్లో మిషను మీద దుప్పటి కప్పి ఉంది. దాని మీద కూతురు రేడియో, మందుల డబ్బా సర్దిపెట్టేసింది. సుద్దముక్కలు, కత్తెర, కొలత టేపు ఒక పాత బిస్కెట్ డబ్బాలో వేసి కిటికీలో పెట్టి ఉన్నాయి. ఆవిడ ఖాళీ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అన్నేళ్ళలో ఆవిణ్ణి ఏ పనీ లేకుండా చూడటం నాకు అదే మొదలు. తళుకు కూర్చోలేదు. నీళ్ళు నమిలాడు, చివరికి చెప్పాడు. తుప్పు పెద్దమ్మ దగ్గర పట్టింది కాదు, తానే పట్టించాడు, ఇచ్చేనాటికి మిషను అద్దంలా ఉంది.

కూతురు లేచి నిలబడింది. అతన్ని ఏమన్నా నేను అడ్డుపడి ఉండేదాన్ని కాదు. పెద్దమ్మ చెయ్యెత్తి ఆపింది.

"మళ్ళీ చెప్పు," అంది.

మళ్ళీ చెప్పాడు.

"ఇచ్చేటప్పుడు తుప్పు లేదు."

"లేదు పెద్దమ్మా."

"ఒక్క మరకి కూడా?"

"ఒక్కదానికి కూడా లేదు."

ఆవిడ తన చేతివేళ్ళు మొహానికి దగ్గరగా పెట్టుకుని చూసుకుంది. కళ్ళు తుడుచుకుంది. తిడుతుందేమోనని అతను తల వంచుకుని ఎదురుచూస్తున్నాడు. తిట్లు రాలేదు. అతని చెయ్యి పట్టుకుని, చచ్చి నీ కడుపున పుడతాను నాయనా, నా ప్రాణం లేచి వచ్చింది అంది. ఆ చెయ్యి అతను వెనక్కి లాక్కోలేకపోయాడు. సిగ్గుతో మనిషి కుంచించుకుపోవడం అంటే ఏమిటో నేను అప్పుడు చూశాను. దుప్పటి లాగేసి, రేడియో కూతురి చేతిలో పెట్టి, పెద్దమ్మ చెప్పులు తొడుక్కుంది. నా గుడ్డలు నేను తెచ్చుకోవాలి, నువ్వు వచ్చి వాళ్ళతో ఆ మాట చెప్పు అంది. ఇందులో కక్ష ఏమీ లేదు. ఆవిడకి పని కావాలి, అంతే.

గుమ్మం గుమ్మానికీ తిరిగాం. ప్రతిచోటా అతన్ని మంచి మెకానిక్ అని పెద్దమ్మ పరిచయం చేసింది, చెప్పు బాబూ అని పక్కకి జరిగి నిలబడింది. ప్రతిచోటా అతను చెప్పాడు. తుప్పు నేనే పట్టించానండీ, వీడియో కోసమండీ, కానీ మళ్ళీ కొత్తదానిలా చేసి ఇచ్చానండీ, పైసా ఎక్కువ తీసుకోలేదండీ. ఒకాయన పకపకా నవ్వాడు. ఒకావిడ మీ వీడియోలు మా ఇంట్లో అందరం చూస్తామండీ అంటూ ఆగిపోయి, చేతిలో ఫోన్ని చీర కొంగులో దాచుకుంది. తిట్టినవాళ్ళు లేకపోలేదు. ఏ తిట్టు పడినా, చివర ఆ కొత్తదానిలా చేసి ఇచ్చానండీ మాత్రం వదల్లేదు. వినీ వినీ నాకు చిరాకు పుట్టింది. గుడ్డలు మాత్రం ఒక్కొక్కటే పెద్దమ్మ సంచిలోకి తిరిగి వస్తున్నాయి.

ఆఖరి ఇంట్లో ఉన్నావిడ కాస్త గట్టి మనిషి. అంతా విని, మిషను సంగతి సరే అంటూ లోపలికెళ్ళి ఒక తెల్ల చొక్కా తెచ్చింది. ఇది పెద్దమ్మ కుట్టిందే, జేబు చూడండి, ఓ పక్కకి ఒరిగిపోయింది అంది. తళుకు పెద్దమ్మ మొహం కేసి చూశాడు. పెద్దమ్మ చొక్కా తీసుకుని, వెలుతురులోకి వెళ్ళి, కంటికి దగ్గరగా పెట్టుకుని చూసింది. జేబు వారగా వేలితో రాసింది.

"వంకరే. నేనే తప్పు కుట్టాను. ఇటియ్యమ్మా, విప్పి కుడతాను."

అంతే. కంటి ఆపరేషన్ గురించి ఒక్క మాట లేదు. చొక్కా మడిచి సంచిలో పెట్టుకుని, ఎప్పటికి కావాలి అని అడిగింది. ఆ ఇంటావిడ మెత్తబడి, తొందరేం లేదులే అంది. మేం మెట్లు దిగబోతున్నాం. తళుకు కదల్లేదు. అతని మొహం ఎర్రగా కందిపోయి ఉంది. వెనక్కి తిరిగి, ఎవరూ అడక్కుండానే ఆ ఇంటావిడతో మళ్ళీ మొదలుపెట్టాడు.

"ఆ మిషనుకి తుప్పు నేనే పట్టించానమ్మా," అన్నాడు.

మిగతాది కూడా వస్తుందని పళ్ళు బిగించి నిలబడ్డాను. రాలేదు. అతను పెద్దమ్మ చేతిలోంచి సంచి అందుకుని మెట్లు దిగాడు.